కోత పండుగకు వచ్చిన విమానం ముక్కు

శాలేమురాజుకి రోత ఎక్కువ. మురికిని చూసి ముక్కు మూసుకునే రకమేమీ కాదు, పంట కాలవలో మోకాళ్ళ లోతు బురదలో దిగి దొంగ ఇంజన్లను పైకి లాగిన మనిషే. ఆయనకి రోత పుట్టించేవి అబద్ధాలు. గట్టి అబద్ధమొకటి విన్న రోజు ఇంటికి రాగానే పెరట్లో పంపు దగ్గర కూర్చుని మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటాడు. వంటింట్లో ఉన్న భార్య కృపారాణి ఆ నీళ్ళ చప్పుడు వినే, ఆయన ఎలాంటివాళ్ళతో మాట్లాడి వచ్చాడో చెప్పేయగలదు. ఇలాగైతే సబ్బుల ఖర్చు కూడా కంపెనీ మీదే వెయ్యమని ఎగతాళి చేస్తుంది.

పుట్టింది రేపల్లె, ఉండేది తెనాలి. పోయిన యంత్రాలను ఇన్సూరెన్సు కంపెనీల తరఫున వెతికిపెట్టడం ఆయన బతుకుతెరువు. ట్రాక్టర్లు, పొలాల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు, నిజాంపట్నం బోట్ల మోటార్లు, ఏది పోయినా ఆయనకే కబురు. ఇన్నేళ్ళలో ఆయనకి ముసుగు దొంగ ఒక్కడూ తగల్లేదు. తగిలిన ప్రతివాడూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, "అయ్యో పాపం, ఇంజన్ పోయిందా అండీ" అని పరామర్శించినవాడే. అందుకే ఎవరైనా కాఫీ ఇస్తే ఆయనకి ముందు అనుమానం వస్తుంది.

ఇంజన్ల సంగతంతా ఆయన నేర్చుకున్నది రేపల్లెలో ఏసుబాబు షెడ్డులో. ఏసుబాబు లేత్ మిషన్ పెట్టుకుని బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. లూథరన్ చర్చి సంఘంలో పెద్ద. తండ్రి పోయి దిక్కుతోచక తిరుగుతున్న శాలేమురాజుని పిలిచి పనిచ్చింది ఆయనే. ఇంజన్ చప్పుడు విని దాని జబ్బు చెప్పడం, బోల్టు తల చూసి దాన్ని ఎన్ని చేతులు విప్పాయో పోల్చుకోవడం, అన్నీ ఆ షెడ్డులో అబ్బిన విద్యలే. సొంత అన్నలు లేని శాలేమురాజుకి అన్నయ్యంటే ఏసుబాబే. వయసు మీదపడింది గానీ, క్రిస్మస్ నక్షత్రాన్ని చర్చి గోపురం చివర కట్టేది ఇప్పటికీ ఆయనే. నిచ్చెన చాలకపోతే గోడ పట్టుకుని ఎగబాకేస్తాడు, కింద ఆడవాళ్ళు గుండెలు పట్టుకుని చూస్తూ ఉంటారు.

మొన్నటి తుఫానుకి బాపట్ల అవతల ఒక ప్రైవేటు సంస్థ షెడ్డులోకి ఉప్పునీళ్ళు వచ్చేశాయి. విమానం నడపడం నేర్పే సంస్థ అది, రెండు సీట్ల బుల్లి విమానాలు వాళ్ళవి. ఒక విమానం ఇంజన్‌తో సహా నీళ్ళలో నానింది. ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టేసి, అది ఇంక తమ సొత్తేనని, తుక్కే గనక ముక్కలు చేయించాలని తేల్చింది. ముక్కలు చేసేవాళ్ళు వచ్చేలోపే షెడ్డు తాళం పగిలింది. ఇంజనూ, దాని ముందు గిర్రున తిరిగే ఫ్యానూ, ఆ ఫ్యాను మధ్యన టోపీలా ఉండే కోసుదేరిన ముక్కూ మాయమయ్యాయి.

సంస్థ మేనేజరు శేషగిరిరావు కాఫీ ఇచ్చాడు. ఎలాగూ తుక్కే కదండీ, దాని కోసం ఇంత శ్రమెందుకండీ అని జాలిపడ్డాడు. శాలేమురాజుకి కూడా మొదట అలాగే అనిపించింది. కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరు నీరజ మాత్రం ఆ మాట విని మండిపడింది. చిన్నపిల్లే గానీ విమానాల సంగతి చదువుకున్న పిల్ల. ఉప్పునీళ్ళు తాగిన ఇంజన్ లోపల గుంటలు గుంటలుగా తుప్పు తినేస్తుందనీ, పైన రంగేసి నునుపు చేస్తే కొత్తదానిలాగే ఉంటుందనీ, ఎవరో ఒకరు దాన్ని ఇంకో విమానానికి బిగించి తీరతారనీ చెప్పింది.

"కారు ఆగిపోతే పక్కకి తీసుకుంటారు రాజు గారూ. ఆకాశంలో ఏ పక్కకి తీసుకుంటారు? అందులో కూర్చునేది నేర్చుకునే పిల్లలండి."

ఆ మాటతో ఆయనకి అన్నం సహించలేదు. ఏ షెడ్డులో ఎవడు దానికి రంగేస్తున్నాడో, ఏ తల్లి కన్న బిడ్డ దాని వెనక కూర్చోబోతోందో అని ఒకటే గుబులు. అది ఎగరకముందే దొరకాలి, అంతే.

వెతికాడు. తెనాలిలో పాత ఇనుప కొట్లన్నీ గాలించాడు. చీరాల వెళ్ళాడు. భట్టిప్రోలులో పాత సామాన్ల నరసింహం సోడా కొట్టించి ఇచ్చి, తను అలాంటివి ముట్టనని ప్రమాణం చేస్తూనే, దొరికితే మనకెంత మిగులుతుందని చెవిలో అడిగాడు. ఇంకొకడు, పైన ఎగిరేవాడు పడితే పడతాడు, మనం నేల మీదే ఉంటాం కదండీ అని నవ్వాడు. నవ్వాడు మహానుభావుడు! ఆ పూట పంపు దగ్గర శాలేమురాజు ఎంతసేపు కూర్చున్నాడంటే, కృపారాణి వచ్చి పంపు కట్టేసి లోపలికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

ఇంతలో రేపల్లెలో కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం సంఘంలో ఎవరి కష్టార్జితంలో మొదటి వాటా వాళ్ళు తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరి గెలలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పొలం లేనివాళ్ళు తమ పనిలోంచి ఏదో ఒకటి తెస్తారు. ఏసుబాబుకైతే మొదటినుంచీ ఒక పట్టింపు ఉంది. కొత్తరకం పనేదైనా చేతికొస్తే, అందులోని మొదటి వస్తువు దేవుడిదే. తొలిసారి బోటు ఇంజన్ విప్పిన ఏడు దాని ఇత్తడి బుష్షు తెచ్చి తళతళలాడేలా తోమి పెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఏడు ఆయన తెచ్చింది ఒక పూలకుండీ. వెండిలా మెరిసే కోసుదేరిన గిన్నె, నిండా బంతిపూలు. అందరూ భలే ఉందన్నారు. వేలంలో కొండమ్మ అనే పెద్దావిడ ఇంటి ముందు పెట్టుకోవడానికి పాట మొదలుపెట్టింది కూడా. వెనక వరసలో కూర్చున్న శాలేమురాజు మెడ సాచి చూశాడు. గిన్నె అంచు చుట్టూ మరల రంధ్రాలున్నాయి. రెండు పక్కలా ఫ్యాను రెక్కలు దూరడానికి కోసిన సందుల్లోంచి బంతిపూలు బయటికి చూస్తున్నాయి. ఒక పక్కన పిట్ట తగిలి పడిన సొట్ట. నీరజ ఇచ్చిన ఫొటోలో ఆ సొట్టని ఆయన ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

పాట పెంచుకుంటూ పోయి దాన్ని తనే దక్కించుకున్నాడు. తమ్ముడికి దేవుడి మీద ఎంత భక్తో చూశారా అని ఏసుబాబు అందరితో చెప్పి మురిసిపోయాడు. చర్చి వెనక విందుకి మాంసం ఉడుకుతోంది. శాలేమురాజు అటు వెళ్ళలేదు. అన్నయ్యని పక్కకి పిలిచి, ఇదెక్కడిదని అడిగాడు.

ఏసుబాబు దాచలేదు, అదే విడ్డూరం. శేషగిరిరావే పట్టా కప్పిన వ్యానులో ఇంజన్ తెచ్చాడట. దాన్ని తనే విప్పగలిగినంత విప్పి, కిరసనాయిలుతో కడిగి, నునుపు పట్టించి, రంగేసి ఇచ్చాడట. వాళ్ళ ఇంకో విమానం ఇంజన్ పాడైతే దాని స్థానంలో దీన్ని బిగించారట. ఆ విమానానికి ముక్కు వేరే ఉంది గనక ఇది మిగిలిందట.

"ఉప్పునీళ్ళలో మునిగిందని తెలుసా అన్నయ్యా?"

"తెలీకేం? మన బోటు ఇంజన్లు మునగట్లేదంట్రా? ఎన్నిటికి ప్రాణం పోశాను నేను!"

"దొంగ సరుకని తెలుసా?"

"వాళ్ళ షెడ్డులోది వాళ్ళు తీసుకుంటే దొంగతనం ఏంటి? దేవుడి వాటా దేవుడికిచ్చేశాను. నీ కంపెనీ దేవుడి కంటే ఎక్కువేంట్రా?"

ఛీ! శాలేమురాజుకి ఒళ్ళంతా కంపరమెత్తింది. దొంగలందర్నీ చూశాడు గానీ, దొంగసొత్తుకి పూలు పెట్టి బల్ల మీదికి తెచ్చినవాణ్ణి ఇదే చూడటం. అదీ తన అన్నయ్యని. పాస్టరు అయ్యగారికి చెబితే, ఆయన అటూ ఇటూ చూసి, పండుగ పూట ఎందుకు, తర్వాత సంఘంలో మనలో మనం మాట్లాడుకుందామన్నారు. ఈలోపు విందుకి ఆకులు వేసేశారు. నిజం కంటే మాంసం ముందు చల్లారిపోతుందని అందరికీ కంగారు!

నీరజకి ఫోన్ చేశాడు. దాన్ని ఎగరనివ్వొద్దు, పోలీసులకి చెప్పి తనూ బయల్దేరుతున్నానంది. సంస్థలో ఎవరూ ఫోన్ ఎత్తట్లేదంది. శాలేమురాజు ఆగలేదు. పూలు దులిపేసి ఆ ముక్కుని చంకలో పెట్టుకుని కారెక్కాడు. ఆశ్చర్యమేమిటంటే ఏసుబాబు తనూ వస్తానని ఎక్కాడు. తన చేతిపని ఎంత బాగుందో తమ్ముడికి కళ్ళారా చూపించి నోరు మూయించాలని ఆయన పంతం. చెరుకుపల్లి మీదుగా బాపట్ల దాకా ఆ ఇంజన్ ఎంత నున్నగా తిరుగుతుందో వర్ణిస్తూనే ఉన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి విమానం షెడ్డు బయటే ఉంది. నేర్చుకునే అమ్మాయి ఒకతె గుడ్డ పట్టుకుని ముందు అద్దం తుడుస్తోంది. పేరు చందన, చేబ్రోలు అమ్మాయి. శాలేమురాజు గుండె చిక్కబట్టుకుని, దీన్ని ఎప్పుడైనా ఎగరేశారా అమ్మా అని అడిగాడు.

"పొద్దున నేనూ మా సారూ వెళ్ళొచ్చామండి. కొంచెం వణికింది. కొత్తగా బిగించింది కదా, సర్దుకుంటుందన్నారు. సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళాలండి."

శేషగిరిరావు పరుగున వచ్చాడు. ఈ ఇంజన్ బయటినుంచి కొన్నదని, నంబరు ప్లేటు చూసుకోమని, ముందు కాఫీ తాగమని అన్నాడు. తను ఇంతవరకూ రేపల్లె ముఖమే చూడలేదన్నాడు. ఆ మాట ఏసుబాబు భరించలేకపోయాడు. ముందుకొచ్చి, తెరిచి ఉన్న మూత కింద ఇంజన్ మీద అరచెయ్యి వేశాడు.

"ఇది నా చేతిపనండి. కాదంటారేంటి? కొత్తదాని కంటే బాగా చేశాను. ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు."

శేషగిరిరావు ముఖంలో నెత్తురుచుక్క లేదు. శాలేమురాజు అటు చూడనైనా లేదు. విమానం తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే ఎక్కన్నయ్యా. ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఒక్క చుట్టు తిరిగొచ్చెయ్. నేనింక నోరెత్తను."

ఏసుబాబు నవ్వబోయాడు. తలుపు వైపు చూశాడు, చందన వైపు చూశాడు. ఇంజన్ మీది చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు.

"నాకెందుకురా ఇవన్నీ. ఎత్తంటే నాకు కళ్ళు తిరుగుతాయి."

మొన్న క్రిస్మస్‌కి గోపురం చివర ఒంటిచేత్తో వేలాడుతూ నక్షత్రం కట్టిన మనిషి! చందనకి గోపురం సంగతి తెలియదు గానీ, ఆ పెద్దాయన చెయ్యి తీసుకున్న తీరు చూసింది. గుడ్డ కింద పడేసి, విమానానికి దూరంగా వెళ్ళి నిలబడింది. నీరజా పోలీసులూ వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత ఇంజన్ విప్పి చూస్తే లోపల నీరజ చెప్పినట్టే ఉంది. నునుపు పట్టినంత మేరా అద్దంలా ఉంది. వేళ్ళు దూరని చోటల్లా తుప్పు తినేసింది.

ఆ సాయంత్రం శాలేమురాజు తెనాలి చేరి పెరట్లో పంపు దగ్గర కూర్చున్నాడు. ఎంతకీ నీళ్ళ చప్పుడు వినపడకపోయేసరికి కృపారాణి బయటికి వచ్చింది. ఆయన సబ్బు పట్టుకుని తన రెండు చేతులనే చూసుకుంటున్నాడు. ఆ చేతులకి పని నేర్పింది ఏసుబాబే.