లిఫ్టు పక్కన కాగితం: సుచిత్ర నుంచి శామీర్‌పేట దాకా

శామీర్‌పేట చెరువు చూద్దామని బయల్దేరానంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి గిన్నెలు తోముకోలేక బయల్దేరాను. సుచిత్ర సెంటర్ దగ్గరి అపార్ట్‌మెంటులో మాది ఐదో అంతస్తు. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో పనిచేసిన యాదమ్మ నెల కిందట చెప్పాపెట్టకుండా మానేసి, శామీర్‌పేటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. బతిమాలి తెచ్చుకుందామని ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మేడ్చల్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. నలభై నిమిషాల్లో మేడ్చల్‌లో దిగిపోయాను.

అక్కడి నుంచి శామీర్‌పేటకు ఆటో మూడు వందలు. "చెరువు కాడికా మేడం, జింకల పార్కుకా?" అన్నాడు డ్రైవరు. మా పనిమనిషి ఇంటికన్నాను. "మస్తు మంచోళ్లు మేడం మీరు. గింత దూరం ఎవరొస్తరు?" అన్నాడు. నేను కాదనలేదు సరికదా, కాస్త పొంగిపోయాను కూడా.

యాదమ్మ కుర్చీ తుడిచి వేసింది. వేడివేడి సర్వపిండి, చాయ్ ఇచ్చింది. జీతం పెంచుతాను, రమ్మన్నాను.

"జీతం గాదమ్మా. ఐదంతస్తులు ఎక్కనీకె ఐతలేదు. మోకాళ్లు పోయినయ్."

"లిఫ్టు ఉందిగా?"

"మాకేడిదమ్మా? కరోనాల కాగితం అంటిచ్చిండ్రు గద."

"కరోనా ఎప్పుడో పోయింది యాదమ్మా!"

"కరోనా పోయింది. కాగితం పోలే."

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పట్లో అసోసియేషన్ కార్యదర్శిని నేనే. 'పనివాళ్లు లిఫ్టు వాడరాదు' అని రాసి అంటించింది నేనే. మా మాస్కులు అటకెక్కాయి, శానిటైజర్లు ఎండిపోయాయి. రోజూ ఆ కాగితం పక్కనే నిలబడి లిఫ్టు బటన్ నొక్కాను.

సిగ్గు చాలలేదేమో, "నీ ఒక్కదానికి పర్మిషన్ ఇప్పిస్తాలే" అన్నాను.

"నాకొక్కదానికేందమ్మా? నేనైతే ఇగ రాను. నాలుగో అంతస్తుల జేసే లావణ్యకు ఏడో నెల. ఆ పిల్లనన్న ఎక్కనియ్యుండ్రి."

లావణ్య మెట్లవైపు తిరగడం ఎన్నిసార్లు చూశానో. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

మూడింటికి ఇంటికి చేరగానే కాగితం చింపేశాను. వాట్సాప్ గ్రూపులో అసోసియేషన్ అధ్యక్షుడుగారు మీటింగ్‌లో పెట్టాల్సింది కదా అన్నారు. అంటించినప్పుడు మేం ఏ మీటింగూ పెట్టలేదు. మర్నాడు లావణ్యను లిఫ్టులోకి పిలిచాను. ఆ పిల్ల ఖాళీ గోడ వైపు చూసింది, వాచ్‌మన్ వైపు చూసింది. "వద్దు మేడం, ఎవరన్న జూస్తే నా పని పోతది" అని మెట్లెక్కడం మొదలుపెట్టింది. లిఫ్టు వదిలేసి ఆమె వెనకే నడిచాను. 

జబ్బుకు పేదా గొప్పా తేడా లేదని ఆ రోజుల్లో తెగ చెప్పుకున్నాం. జబ్బు పోయాక మెట్లు మాత్రం వాళ్లకే మిగిల్చాం. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క సూచన: బస్సెక్కే ముందు మీ లిఫ్టు పక్కన ఏం అంటించి ఉందో చదవండి. నాలా అంత దూరం పోయి చెప్పించుకోనక్కర్లేదు.