చెయ్యెత్తే హక్కు లేని దిబ్బ

నారాయణఖేడ్‌లో అంగడి రోజు పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఆన్‌లైన్ ఫారాలు నింపే నా దుకాణంలోకి ముందుగా వచ్చేది గిరాకీ కాదు, ఎండుచాపల వాసన. ఎదురుగా రోడ్డు పక్కన గోనెసంచులు పరిచి, పరకలు ఒక కుప్ప, రొయ్యపొట్టు ఒక కుప్ప పోసుకొని ఆడవాళ్ళు కూర్చుంటారు. పక్క దుకాణం ఆయన ముక్కు చిట్లించి రెండు అగరుబత్తులు వెలిగిస్తాడు. నేను వెలిగించను, ఆ వాసనకు ముక్కు మూసుకునే మొహం నాకు లేదు. చిన్నప్పుడు మా బళ్ళోకి దిబ్బ పిల్లలు అడుగుపెట్టినప్పుడు వచ్చిన వాసన ఇదే, మేమంతా ముక్కులు పట్టుకొని పడి పడి నవ్వింది దీనికే.

దిబ్బ అంటే ఏమిటో ముందు చెప్పాలి. నేను పుట్టకముందే మా ఊరి పొలాల మీదికి ప్రాజెక్టు నీళ్ళు వచ్చాయి. పల్లంలో ఉన్నవన్నీ మునిగాయి. నడుమ ఎత్తు మీద ఉన్న ఒక గూడెం మాత్రం ముప్పై ఇండ్లతో, ఒక చిన్న పోచమ్మ గుడితో నీళ్ళ మధ్య మిగిలిపోయింది. వానాకాలం మొదలుకొని హోలీ దాటేదాకా అక్కడికి తొవ్వ లేదు, గుండ్రటి పుట్టి పడవ ఎక్కాల్సిందే. దుక్కి దున్నుకునే వాళ్ళు కాస్తా వలలు విసిరే వాళ్ళయ్యారు, చలికాలం వస్తే సగం మంది చెరుకు కొట్టడానికి కర్ణాటక దిక్కు వెళ్ళేవాళ్ళు. కాగితాల్లో ఆ దిబ్బ మా ఊరిది. వాళ్ళ బియ్యం, కిరసనాయిలు మా ఊళ్ళోనే దిగేవి, వాళ్ళు ఓటు వేయడానికీ మా ఊరికే రావాలి, సర్పంచ్ మాత్రం ఎప్పుడూ మా గల్లీలవాడే. వాళ్ళకు ఏం కావాలో మేం చెప్పేవాళ్ళం. మా అవ్వ తమలపాకుకు సున్నం రాస్తూ, "గాళ్ళు మనోళ్ళే గని, మన లెక్క గాదు బిడ్డా" అనేది. ఈ మాటకు అర్థం ఏమిటని నేను ఎన్నడూ అడగలేదు.

అడగడానికి తీరిక ఎక్కడిది! తొలకరి పడితే ఎర్రటి పురుగుల్ని అగ్గిపెట్టెల్లో దాచుకోవడం, పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు రంగులేసి అవి తినగా మిగిలిన పప్పుబెల్లం పోలెలు మేం తినడం, బతుకమ్మకు తంగేడు తెస్తూ మోచేతులు గీరుకుపోవడం, అవ్వ నువ్వులూ బెల్లమూ కలిపి దంచుతుంటే రోటి చుట్టూ పిల్లులమై తిరగడం, చలికాలం సీతాఫలాల్ని జొన్నచొప్పలో పెట్టి రోజుకు నాలుగుసార్లు నొక్కి చూసి పండకముందే నల్లబరచడం. ఎండ ముదిరితే జొన్నగటకలో చల్ల పోసుకొని, పచ్చిఉల్లిగడ్డ గుద్ది పగలగొట్టి, చూరు నీడన తిని అక్కడే దొర్లేవాళ్ళం. బోరంచ ఊళ్ళోని పోచమ్మ దగ్గరికి బోనం ఎత్తుకొని వెళ్ళిన రోజైతే, బండిలో వేపమండల మధ్య ఒదిగి కూర్చొని వచ్చే పోయే వాళ్ళనందరినీ వెక్కిరించేదాన్ని. నా నోరు అప్పుడే అంత. ఇంటికి ఒక్కగానొక్క ఆడపిల్లను కావడంతో ఆ నోటికి అడ్డు చెప్పిన వాళ్ళూ లేరు.

మా సోషల్ సారుకు పటాలంటే ప్రాణం. ప్రతి శనివారం ఒకటి గోడకు తగిలించి వెదురుకట్టెతో చూపిస్తూ కథలు చెప్పేవాడు. ఐదో తరగతిలో ఒకనాడు సముద్రం మధ్యన ఒక చిన్న మచ్చ చూపించి, దాని పేరు ప్యూర్టో రికో అన్నాడు. అది అమెరికా కింద ఉంటుంది, కానీ అమెరికాలో ఒక రాష్ట్రం కాదు. అక్కడివాళ్ళు ఆ దేశ పౌరులే, కానీ దేశాధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు దీవిలో ఉన్నంతకాలం వాళ్ళకు లేదు. మన పార్లమెంటు లాంటి పెద్ద సభకు ఒక మనిషిని పంపుతారు. ఆ మనిషి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, కానీ చట్టం మీద చివరి ఓటు పడేటప్పుడు చెయ్యెత్తడానికి లేదు. సారు బాధగా చెప్పాడో, వింతగా చెప్పాడో నాకు గుర్తులేదు. మాకు మాత్రం తెగ నచ్చింది.

ఎందుకంటే మాకూ ఒక సభ ఉంది. శనివారం ఆఖరి గంటలో తరగతి పంచాయతీ పెట్టించడం సారు అలవాటు. ఊడ్చే వంతులు, బిందె దగ్గర ఎవరు ముందు, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ చేతులెత్తి తేల్చుకునేవాళ్ళం. సర్పంచ్‌ను నేను. ఆ రోజే లేచి, "సార్, మన దిబ్బ గూడ గట్లనే గదా" అన్నాను. సారు పకపకా నవ్వి, "తెలివైన పోరివే" అన్నాడు. అంతే, అది శాసనమైపోయింది. దిబ్బ నుంచి వచ్చే ఐదుగురికీ ఓటు తీసేశాం. వాళ్ళ తరఫున ఒకరు లేచి మాట్లాడవచ్చు, చెయ్యి మాత్రం ఎత్తకూడదు. వాళ్ళు పంపింది సాయవ్వను.

సాయవ్వ సన్నగా, గట్టిగా ఉండేది. నుదుటి మీద పచ్చబొట్టు, మోకాళ్ళ దాకా ఎండిన బురద. లెక్కల్లో, రాతలో బడి మొత్తానికి ఆమే ముందు. నేను రెండో దాన్ని, ఆ రెండో స్థానం నాకు కడుపులో ముల్లు. కొత్త శాసనం వచ్చాక రోజూ ఊడ్చేది దిబ్బ పిల్లలే అయ్యారు, బిందెలో అడుగున మిగిలిన నీళ్ళు తాగేదీ వాళ్ళే. ప్రతి శనివారం ఆమె లేచి నిలబడేది.

"మేం ఊడ్వమంటలేం. అందరికి వంతులు వెట్టుండ్రి అంటున్నం."

మేం ఎంతో మర్యాదగా వినేవాళ్ళం. అసలు సరదా ఆ వినడంలోనే ఉండేది. విన్న తర్వాత నేను, "అందరికి వంతులు వెట్టాల్నంటోళ్ళు చేతులెత్తుండ్రి" అనేదాన్ని. ఒక్క చెయ్యీ లేచేది కాదు. ఒకసారి దిబ్బవాళ్ళలో చిన్నపిల్ల మరిచిపోయి చెయ్యెత్తితే, నియమం తప్పిందని ఆ పిల్లను గోడకుర్చీ వేయించాం. కాళ్ళు వణికి కింద పడి ఏడిస్తే మళ్ళీ వేయించాం. సాయవ్వ మాత్రం వచ్చే శనివారం మళ్ళీ లేచేది, అదే మాట, అదే గొంతు. ఛీ, ఎంత మొండిదిరా దేవుడా అని నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు మండుతుంది.

ఆ ఏడు గురుకుల పాఠశాల పరీక్షకు సారు మా ఇద్దరి చేతా ఫారాలు నింపించాడు. సీటు వస్తే బట్టలూ, బువ్వా, చదువూ అక్కడే. నాకు అదొక షోకు. సాయవ్వకు అలా కాదు. ఐదు అయిపోతే ఆమెను చెరుకు కొట్టడానికి తోలుకుపోతామని ఇంట్లో చెప్పేశారు. సీటు వస్తే మాత్రం వదిలేస్తానని వాళ్ళ నాయన ఒట్టు పెట్టాడట. ఆ మాట ఆమే నాతో అంది, బిందె దగ్గర. "గీ పరీచ్చ ఒక్కటి రాస్తే సాలు ఒనజా, నేను కొడవలి వట్టకుంట బతుకుత." నేను బిందెలో చెయ్యి కడుక్కొని వచ్చేశాను.

తపాలా ఆయన పుట్టి ఎక్కేవాడు కాదు, నీళ్ళంటే ఆయనకు భయం. దిబ్బ ఉత్తరాలన్నీ బళ్ళో సర్పంచ్ చేతికి, అంటే నా చేతికి ఇచ్చి వెళ్ళేవాడు, నేను దిబ్బ పిల్లలకు పంచాలి. ఎవరు పెట్టారో తెలియదు కానీ అదొక ఆనవాయితీ. పరీక్ష ఆదివారం, ఆ సంగతి హాల్ టికెట్ వస్తే గాని మాకు తెలియదు. ముందు రోజు మధ్యాహ్నం రెండు హాల్ టికెట్ కవర్లు వచ్చాయి, ఒకటి నాది, ఒకటి ఆమెది. గాలి లేస్తోందని దిబ్బ పిల్లలు అప్పటికే పుట్టి ఎక్కడానికి వెళ్ళిపోతున్నారు. వాకిట్లోకి వస్తే చాలు, సాయవ్వ వీపు కనిపిస్తూనే ఉంది. కేకేస్తే వినిపించేంత దూరం.

కేక వేయలేదు. లోపలికి వెళ్ళి పంచాయతీ పెట్టాను. సారు ఆఫీసు గదిలో హాజరు లెక్కలు చూసుకుంటున్నాడు. "దిబ్బకు ఒక కవరొచ్చింది. గిప్పుడు ఉరికి ఇయ్యాల్నా, సోమవారం ఇయ్యాల్నా?" అన్నాను. లోపల ఏముందో చెప్పలేదు. ఎవరో ఒక పిల్ల, "గాళ్ళ మనిషి లేదు గదా, మాట్లాడనియ్యాలె గదా" అంది. "మాట్లాడితే ఏమయితది, ఓటైతే లేదు గదా" అన్నాను. అందరూ నవ్వారు. సోమవారానికి చేతులు లేచాయి. అందరికన్నా ముందు లేచింది నాది. తెలిసి ఎత్తిన చెయ్యి కూడా నాదొక్కటే.

మరునాడు నాయన నన్ను సైకిల్ మీద ఈ నారాయణఖేడ్‌కు తెచ్చాడు. పరీక్ష గదిలో బెంచీల మీద సుద్దముక్కతో నంబర్లు వేసి ఉన్నాయి. నా పక్క నంబరు సాయవ్వది, ఆ చోటు ఖాళీ. కాగితాలు పంచే మేడమ్ ఆ చోట కూడా ఒక ప్రశ్నపత్రం పెట్టి, కాసేపు చూసి, "రాలేదా ఈ పిల్ల?" అని నన్నే అడిగింది. "రాలే మేడమ్" అన్నాను. రెండు గంటలు ఆ ఖాళీ చోటు మీదికి మోచెయ్యి చాపుకొని హాయిగా రాశాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అవ్వ హోలీకని మోదుగపూలు ఉడకబెడుతోంది. ఆమె అటు తిరిగినప్పుడు కవరు తీసి పొయ్యిలో పెట్టాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

సోమవారం సాయవ్వ, "సార్, నా కవరు రాలేదా?" అని అడిగింది. పరీక్ష నిన్ననే అయిపోయిందని విని అక్కడే చతికిలపడింది. సారు నా వైపు చూశాడు. నేను నా కవరు ఒక్కటే వచ్చిందన్నాను. "ఫారంల ఏమన్న తప్పు రాసినవేమోనే" అన్నాడు సారు. తరగతిలో పాతికమందికి ఒక కవరు సంగతి తెలుసు. ఆ ఉత్తరం అది కాదేమో అనుకున్నారో, చేతులెత్తాం కనుక నోరెత్తకూడదనుకున్నారో, ఒక్కరూ మాట్లాడలేదు. ఆ వారం తర్వాత ఆమె బడికి రాలేదు. సీటు నాకు వచ్చింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చి, అక్కడి పప్పు సహించడం లేదని ఏడ్చి, నేను మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ బడి లేదు. పిల్లలు లేరని మూసేశారు, గదుల్లో ఎవరో ఎరువుల బస్తాలు వేసుకున్నారు. సారు పోయి చాలాకాలమైంది. పుట్టి కట్టేవాళ్ళు లేరు, దిబ్బకు మట్టికట్ట వేశారు. పొలాల అమావాస్యకు రంగులేయడానికి ఊరు మొత్తంలో ఎడ్లు నాలుగు జతలు దొరకవు. దిబ్బకు తన పంచాయతీ తనకు వచ్చింది, తన సర్పంచ్ తనకు ఉన్నాడు. కానీ వచ్చేసరికి సగం ఇండ్లకు తాళాలు పడ్డాయి, వాళ్ళంతా హైదరాబాద్‌లో మట్టి మోస్తున్నారు. సారు చూపించిన ఆ సముద్రపు దీవి సంగతి కూడా ఇంకా ఎటూ తేలలేదని మొన్న ఫోన్‌లో చదివాను.

పోయిన నెల ఒక ముసలామె మనుమరాలిని తీసుకొని దుకాణానికి వచ్చింది. ముసలామె అన్నాను కానీ నా ఈడుదే. నుదుటి పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. పిల్లకు గురుకులం ఫారం నింపాలట. కంప్యూటర్‌లో అన్నీ కొట్టాను, పేరు, ఊరు, కులం. సంతకం దగ్గర కాగితం జరిపితే సాయవ్వ బొటనవేలు ఇంకు డబ్బాలో అద్దింది.

"ఫోన్ నంబర్ చెప్పు. హాల్ టికెట్ మెసేజ్ దానికే వస్తది" అన్నాను.

"మా దిబ్బ మీద సిగ్నలుండదు. నీదే ఎయ్యి అక్కా, నువ్వే సూసి సెప్పు."

నా నంబర్ వేశాను. పది అంకెలూ పడ్డాక కీబోర్డు పక్కకు నెట్టాను. నేను ఎవరినో చెప్పాను. కవరు సంగతి, చేతుల సంగతి, పొయ్యి సంగతి, అన్నీ చెప్పాను. మనుమరాలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. సాయవ్వ చాలాసేపు తన బొటనవేలికి అంటిన ఇంకును కొంగుకు తుడుచుకుంటూ కూర్చుంది.

"నేనే తప్పు రాసిన అనుకున్న," అంది చివరికి. "మా నాయన గదే అనుకుంట కొట్టిండు. నాకు అచ్చరం రాదనుకున్న. గప్పటిసంది పెన్ను వట్టలే."

ఆమె కంప్యూటర్ తెర వైపు వేలు చూపించింది.

"నీ నంబర్ తీసెయ్."

తీసేశాను. ఆమె కాగితాలు ఒక్కొక్కటీ లెక్కచూసి తీసుకొని, మనుమరాలి చెయ్యి పట్టుకొని రోడ్డు దాటి, అవతల ఫారాలు నింపే ఇంకో దుకాణం ముందు ఎండలో వరుసలో నిలబడింది.