రాజకుమారి రాసింది విభూతి కాదు

మా పక్కింటి రాజకుమారి విభూతి రాసి కారు బ్రేకు డిస్కు ఊడదీసిందని వీధంతా అంటున్నారు. శుద్ధ అబద్ధం. నేను పక్కనే పీట వేసుక్కూర్చుని చూశాను.

తెల్లారితే ఆమె కారుకు మొదటి కిరాయి, శ్రీముఖలింగం ప్రయాణం. తుప్పుపట్టిన పాత డిస్కు సుత్తి దెబ్బలకు కదిలితేనా!

“కిరాయి వద్దని సెప్పేయే,” అన్నాడు భర్త చంద్రమౌళి.

“నువ్వు పక్కకి తప్పుకో మావా!”

డిస్కుకున్న రెండు మరల కన్నాల్లో బోల్టులు పెట్టి, మార్చి మార్చి సమానంగా బిగించింది. బిగిసేకొద్దీ అవి వెనకున్న ఇనప దిమ్మను తన్ని డిస్కును బయటికి నెడతాయి. ఎంత తిప్పిందో తెలియడానికి బోల్టుల తలల మీద తడి ముగ్గుపిండితో గీతలు పెట్టుకుంది. జనం చూసిన విభూతి అదే. ఠంగుమని డిస్కు ఊడొచ్చింది! సాయంత్రానికి కొత్తది బిగించేసింది.

“నిజం సెప్పు, దేవుడికి మొక్కలేదేటే?” అని అడిగేశాను.

“మొక్కేను పిన్నీ, బోల్టు ఇరిగిపోకుండా సూడమని.”