నేరమంతా పెరూదే

మా యాజులు మాస్టారికి ఒకటే జబ్బు. నర్సీపట్నంలో ఏం చెడినా పెరూ దేశాన్ని తప్పుపట్టేవారు.

ఆయన భూగోళం చెప్పేవారు. నేను పక్క తరగతిలో లెక్కలు చెప్పేవాణ్ణి. చింతపల్లి బస్సు గంట ఆలస్యమైతే, "పెరూ దగ్గర సముద్రం వేడెక్కిందండీ," అనేవారు. బస్సుకీ దానికీ సంబంధమేమిటని అడిగితే బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి గంట చెప్పేవారు. అందుకని ఎవరూ అడిగేవారు కాదు.

ఇంట్లోనూ అంతే. పాలు తోడుకోలేదని ఆయన భార్య శ్యామలాంబగారు బయటికి వచ్చి, ఆయన నోరు తెరిచేలోపే, "తెలుసు. పెరూ," అని తిరిగి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఎనభై ఏడులో వాన ముఖం చాటేసింది. శ్రావణం దాటినా నాట్లు పడలేదు. నారు మళ్ళలోనే ఎండిపోతోంది. బలిఘట్టంలో దేవుళ్లు అనే రైతు, జ్యేష్ఠంలో కాపురానికి వచ్చిన కోడలు సింహాద్రమ్మను పుట్టింటికి పంపేస్తున్నాడని తెలిసింది.

మాస్టారు స్కూలు గ్లోబును చంకన పెట్టుకుని బయలుదేరారు. నేనూ వెంట నడిచాను.

వాకిట్లో రేకుపెట్టె. దాని పక్కన తలవంచుకుని ఆ పిల్ల.

"ఈ పిల్ల అడుగెట్టింది, సుక్క నేదు మాస్టారూ," అన్నాడు దేవుళ్లు.

మాస్టారు గ్లోబును పెట్టె మీద పెట్టి తిప్పారు. "ఇదిగో, పెరూ. ఇక్కడ సముద్రం వేడెక్కింది. గాలులు తారుమారయ్యాయి. మబ్బులన్నీ ఆ సముద్రం మీదే కురిసిపోతున్నాయి. మన నైరుతికి బలం చాల్లేదు." కోడలి వైపు తిరిగారు. "అమ్మా, నువ్వెప్పుడైనా పెరూ వెళ్ళావా?"

"నేదండీ. అనకాపల్లి ఎల్లాను. ఒక్కసారే."

"విన్నావా దేవుళ్లూ! అనకాపల్లిలో దిగి ఆ సముద్రాన్ని కాచిందంటావా?"

దేవుళ్లు వంగి గ్లోబును చాలాసేపు చూశాడు. "అంత దూరపోళ్ళకి మన మీద ఏటండీ కచ్చ?"

"కక్ష కాదయ్యా. మనం ఉన్నామనే వాళ్ళకి తెలీదు."

దేవుళ్లు నిట్టూర్చి, "ఆ పెట్టి నోపలెట్టే," అన్నాడు కోడలితో. ఆ నెలంతా బలిఘట్టం పెరూనే తిట్టింది.

మరుసటేడు ఆ సముద్రం చల్లబడింది. ఇక్కడ చేలు నిండి గట్లు తెగాయి. దేవుళ్లు తడుస్తూ మా స్టాఫ్ రూముకి వచ్చాడు.

"సూసారా మాస్టారూ! ఇదంతా మా కోడలి అడుగేనండి!"

గదిలో అందరం మాస్టారి వైపు తిరిగాం. మాస్టారు నోరు తెరిచారు. మళ్ళీ మూశారు.

"అవునయ్యా. మంచి అడుగు," అన్నారు.

దేవుళ్లు వెళ్ళాక అడిగాను. "మరి పెరూ మాటేమిటండీ?"

మాస్టారు కిటికీలోంచి వానకేసి చూస్తున్నారు.

"వాళ్ళేమీ అనుకోరు లెండి."