డిక్కీలో పట్టుగూళ్ళు

నిన్న మధ్యాహ్నం మా పాత కారు జబ్బు కనిపెట్టే రీడర్ ఒకటి ఇంట్లోనే కట్టుకుందామని కూర్చున్నాను. సోల్డర్ కడ్డీ వేడెక్కి, అతుకుకు రాసే రోజిన్ జిగురు పొగ ముక్కుకు తగిలిందో లేదో, కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఛీ! ఇన్నేళ్ళయినా అది నాకు కుళ్ళిన పట్టుగూళ్ళ కంపే.

బేతమంగళ పక్క పల్లెలో మా అవ్వ, అంటే నాయన తల్లి, పట్టుపురుగులు పెంచేది. సెలవులకు మేము కేజీఎఫ్ నుంచి పోతే ఆ ఇంట్లో తడి మల్బరీ ఆకు వాసన, గోడల సున్నం వాసన, రాగిసంకటి మీద పోసిన ఉలవచారు వాసన అన్నీ ఒకటిగా కలిసిపోయి ఉండేవి. కాళ్ళు కడుక్కోనిదే పురుగుల గది గడప దాటనిచ్చేది కాదు. తను మాత్రం ముద్ద మింగుతూనే చెవి అటు పెట్టి, ఆకు నమిలే చప్పుడు తగ్గితే తింటున్నది వదిలేసి, చేయి కడుక్కుని లేచేది. పురుగులు గూళ్ళు కట్టాక ఒకటే తొందర. వెంటనే కోలారు గూళ్ళ మార్కెట్టుకు చేర్చకపోతే లోపలిది రెక్కల పురుగై గూటిని చీల్చుకుని వచ్చేస్తుంది, చిల్లుపడ్డ గూటి నుంచి దారం రాదు. అవ్వ ఆశంతా ఆ పంట మీదే.

ఆ ఆదివారం నాయన గూళ్ళ మూటలను తన సెకండ్ హ్యాండ్ కారు డిక్కీలో వేసుకొని మా క్వార్టర్స్‌కు తెచ్చాడు, తెల్లవారగానే మార్కెట్టుకు పోదామని. తెల్లవారాక కారు లేవలేదు. మెకానిక్ వచ్చి చూసి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె పోయింది, మార్చాలన్నాడు. ఆఫీసులో గుమాస్తా అయిన మా నాయనకు అక్కడే తిక్క రేగింది. వాడెవడు చెప్పడానికి, ఆ జబ్బేదో నేనే చదువుతాను! బెంగళూరు స్నేహితుణ్ణి ఫోన్లో పీడించి, పాత రేడియో విప్పి, సబ్బు పెట్టెలో ఎర్ర బల్బూ తీగలూ బిగించి రీడర్ కట్టడం మొదలుపెట్టాడు.

“మూటలు బస్సుకేసి పంపిద్దామండీ, గూళ్ళు ఆగుతాయా?” అంది అమ్మ.

“రేపు బండి లేస్తాది. నువ్వు ఊరుకో ఇంగ.”

మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే మాట. తప్పు తీగ కలపడం, బల్బు మాడిపోవడం, మళ్ళీ సోల్డర్ పొగ. ఎండలో నిలబడ్డ కారులోంచి కంపు మొదలైంది. డిక్కీ తెరవమని అమ్మ మొత్తుకుంటే, “ఎలుక సచ్చింటాది” అని తాళంచెవి జేబులో వేసుకునేవాడు. ఆ మొండితనం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గురువారం ఎర్ర బల్బు మెరిసింది. ఆ మెరుపుల లెక్కలోనే కారు తన జబ్బేదో చెబుతుందట. పొడుగు మెరుపు, పొట్టి మెరుపు అని నేను అరిచి చెబుతుంటే నాయన లెక్కపెట్టి, స్నేహితుణ్ణి అడిగి, ఇంజిన్ సెన్సరు తీగ అని తేల్చాడు. నిజమే, ఎలుక కొరికిన తీగ! అతికించగానే కారు గుర్రుమంది. వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు. నాయన ఆ మెకానిక్‌ను పిలిపించి మరీ చూపించాడు.

ఆ తర్వాత డిక్కీ తెరిచాడు.

తెల్లగా, బొద్దుగా, తడితడిగా రెక్కల పురుగులు సంచుల మీద ఒకదానిమీదొకటి ఎక్కి పాకుతున్నాయి. అవి విడిచిన ఇటుకరంగు నీళ్ళు గోనెలోంచి కారి కింద మడుగు కట్టాయి. వేడికి లోపలే చచ్చిన పురుగులు చిట్లి నల్లటి జిగురై గూళ్ళకు అంటుకున్నాయి. థూ! చప్పట్లు కొట్టినవాళ్ళు ముక్కులు మూసుకుని ఇళ్ళలోకి దూరారు. నేను అక్కడే వాంతి చేసుకున్నాను.

సాయంత్రం ఆ కారులోనే అవ్వ దగ్గరికి పోయాం. అవ్వ ఒక గూటిని తీసుకుని చిల్లులోకి వేలు పెట్టి చూసింది.

“బండికేమొచ్చినాది అప్పా?”

నాయన, సిగ్గులేకుండా, సబ్బు పెట్టె తీసి మెరుపుల సంగతి చెప్పబోయాడు.

“బండి బాగుండాది గదా. పో నాయనా,” అని అవ్వ లోపలికి పోయింది. మళ్ళీ పురుగులు పెట్టలేదు.

ఇప్పుడు అవ్వా లేదు, నాయనా లేడు. మల్బరీ తోట ఉన్నచోట టమోటా వేస్తున్నారు. ఆ పల్లెలో పురుగుల గదులు కూడా కనిపించవు.

నిన్న సాయంత్రానికి నా రీడర్ పని చేసింది. కారులో లైటు మెరుస్తూ ఉంది, పొడుగుదీ పొట్టిదీ. లెక్కపెట్టకుండా, మొదట కారు వెనక్కి పోయి డిక్కీ తెరిచాను. అందులో ఏమీ ఉండదని నాకు తెలుసు.