మిగిలిపోయిన వైరు

వేంపల్లె బస్టాండు పక్కన బండి ఆపి, వదులైన క్రూయిజ్ స్విచ్ బిగిస్తున్నాను. యాక్సిలరేటర్ వదిలినా బండి ఒకే వేగంతో పోయేలా చేసే ఆ స్విచ్‌ని ఇంట్లో నేనే తగిలించుకున్నానని నాకు గర్వం. ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన వంగి, దేనికీ కలపకుండా వేలాడుతున్న వైరును చూశాడు.

"ఆ వైరు యాడిదప్పా?"

"మిగిలింది," అన్నాను, దానికి టేపు చుడుతూ.

"బ్రేకు తొక్కితే స్విచ్ ఆఫ్ అయితాదా?"

స్విచ్ వేసి తొక్కాను. దాని పచ్చలైటు ఆరలేదు. ఆయన చప్పున తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"తాళమియ్యి పెద్దాయనా! నా బండితో నీకేం పని?" అని అరిచాను.

"ఆ వైరు బ్రేకుకు కలుపు. అంతవరకు ఇయ్యను."

జనం మూగారు. కోపంగానే వైరు కొన ఒలిచి, బ్రేకులైటు వైరుకు చుట్టాను. ఈలోగా ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆయన కదల్లేదు. బస్సు పోయింది.

పని అయ్యాక తాళం ఆయనే పెట్టి తిప్పాడు. స్విచ్ వేసి బ్రేకు తొక్కాను. పచ్చలైటు ఆరింది. ఆయన తర్వాతి బస్సు కోసం వెళ్లి నీడలో నిలబడ్డాడు. నేను విసురుగా బండెక్కాను.

పులివెందుల దారిలో స్విచ్ వేసుకుని పోతుంటే గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కి, నేను బ్రేకు తొక్కేదాకా ఆయన మీద నా కోపం చల్లారలేదు.