హనుమమ్మకు జరిగిన నష్టం

పానగల్ దాటి వాగు అవతల ఉన్న ఆ ఊళ్ళో కుమ్మరి హనుమమ్మ జోలికి పోకూడదని చిన్న పిల్లలకు కూడా తెలుసు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కొనవచ్చినవాళ్ళు కుండను వేలితో కొట్టి చప్పుడు వింటే ఒకసారికి ఊరుకునేది. రెండోసారి కొడితే చేతిలోంచి లాక్కుని, అంత అనుమానమైతే ఇత్తడి బిందె కొనుక్కొమ్మని పంపేది. చక్రం తిప్పడం మొగుడు మారయ్య పని. మట్టి తేవడం, తొక్కడం, పచ్చికుండను చెక్కతో కొట్టి కడుపు తీయడం, కుండలు కాల్చే ఆవం పేర్చడం, అమ్మడం అన్నీ ఆమెవే. మారయ్య మెత్తని మనిషి, ఎవరేమన్నా తలూపుతాడు. ఆ ఇంట్లో కోపం తెచ్చుకునే పని కూడా చివరికి హనుమమ్మ మీదనే పడింది.

అరవైల మొదట్లో ఒక చైత్రమాసం. ఎండాకాలం అమ్మకానికని చలికాలమంతా చేసిన సరుకు వాకిట్లో ఉంది. కాల్చినవి వరుసలుగా పేర్చి ఉన్నాయి, పచ్చివి కొట్టం కింద ఆరుతున్నాయి. మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, గాలి లేచి, నిమ్మకాయలంత వడగండ్లు పడ్డాయి. ఎసరు మరిగేంత సేపు కూడా కాదు. కొట్టం కప్పు ఎగిరిపోయింది. కాల్చినవి పెంకులయ్యాయి, పచ్చివి నీళ్ళలో కరిగి బురదయ్యాయి. హనుమమ్మ చేతికందిన రెండు కుండలను ఒళ్ళో పెట్టుకుని వాటి మీదికి వంగి కూర్చుంది. వీపంతా కమిలిపోయింది గాని ఆ రెండూ కూడా దక్కలేదు.

ఊరికీ తక్కువ నష్టం జరగలేదు. యాసంగి వరి నేలపాలైంది, మామిడి పిందె రాలింది, గొర్రెలు చచ్చాయి. తాసిల్దారు జీపులో వచ్చి చూసి, సర్కారు సాయం వస్తుందని, ఎవరికెంత ఇవ్వాలో ఊరి పెద్దలే కూర్చుని తేల్చుకోవాలని చెప్పి పోయాడు. ఊరి పెద్దలంటే దశరథం పటేలు. ఆయన చుట్టూ కూర్చునేవాళ్ళే అప్పుడప్పుడు మారుతుంటారు.

మగవాళ్ళు చావడిలో కూర్చున్నారు, మారయ్య కూడా ఒక మూల ఒదిగాడు, ఆడవాళ్ళు బయట గోడ పక్కన నిలబడ్డారు. సాయం అన్న మాట వినగానే మనుషులకు న్యాయం ఎంత బాగా తెలిసివస్తుందో ఆ రోజు చూడవలసింది. భూమి ఉన్నవాడికే నష్టం, లేనివాడికి పోయేదేముంటుందని ఒకరన్నారు. కూలివాళ్ళ చేతికి సొమ్ము ఇస్తే పొద్దుగూకేసరికి కల్లు దుకాణం చేరుతుందని ఇంకొకరన్నారు. ఊరికే ఇచ్చి అలవాటు చేస్తే రేపు పనికి ఎవడూ రాడని జన్మలో గడ్డపార ముట్టిన పాపాన పోని పెద్దమనిషి ఒకాయన బాధపడ్డాడు. గొర్రెలు పోయినవాళ్ళకు మాత్రం ఇద్దామన్నారు, ఎందుకంటే పటేలు బావమరిదికి మంద ఉంది.

చివర్లో ఎవరో కుమ్మరివాళ్ళ సంగతి ఎత్తారు. దశరథం పటేలు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

“వాళ్ళకేం పోయింది? మట్టే గదా. చెరువుల బొచ్చెడున్నది, మల్ల తెచ్చుకుంటరు.”

చావడి ఘొల్లుమంది. ఇంటింటా ఆమె కుండల్లో వండుకు తినే మగవాళ్ళు తొడలు చరచుకుని నవ్వారు. గోడ అవతల హనుమమ్మ ఆ నవ్వు అయిపోయేదాకా విన్నది. సాయం అందక పస్తులుండటం ఆమెకు కొత్త కాదు. చలికాలమంతా పడ్డ చాకిరీ నష్టం కిందికే రాదనడం, పైగా నవ్వడం, అదే ఆమె కడుపులో నిప్పు పోసింది. ఈ ఊరి చేత, వీళ్ళ నోళ్ళతోనే, తనకు నష్టం జరిగిందని అనిపించి తీరాలని అక్కడే నిలబడి అనుకుంది. పంపకాలు పోగా మిగిలిన సొమ్ముతో చావడికి సున్నం కొట్టించారు. అటు పోయినప్పుడల్లా ఆమె ఆ గోడను చూసి పళ్ళు కొరికేది.

వడగండ్లకు ఊరివాళ్ళ ఇళ్ళల్లో కుండలు కూడా పగిలాయి. వాకిళ్ళలో పెట్టుకున్న మంచినీళ్ళ రంజన్లు ఒక్కటీ మిగలలేదు. ఎండలు ముదిరాయి. హనుమమ్మ మొగుణ్ణి చక్రం ముందు కూర్చోబెట్టింది. ఆవం దించీ దించగానే సరుకు గంపలకెత్తుకుని నల్లగొండ అంగడికి నడిచింది. ఊళ్ళో మాత్రం ఒక్క ముంత అమ్మలేదు. అడిగినవాళ్ళకు చెరువు దారి చూపించింది. పక్క ఊళ్ళ కుమ్మరులంతా ఆమె చుట్టాలే, ఆమె మాట లేకుండా ఆ ఊరికి మూకుడు కూడా ఇవ్వరు. పంతం కొద్దీ నల్లగొండ దాకా పోయిన ఆడవాళ్ళకు అక్కడా ఆమే ఎదురైంది. వాళ్ళను చూడగానే అన్నీ అమ్ముడుపోయాయని గంప మీద గోనె కప్పింది. ఊరంతా ఇత్తడి బిందెల్లోని వేడి నీళ్ళు తాగింది. దశరథం పటేలు ఆ నీళ్ళు పుక్కిలించి ఉమ్మేశాడని తెలిసిన పూట హనుమమ్మ రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

మారయ్యకు నిద్ర పట్టేది కాదు. కళ్ళంలో కుమ్మరికి కొలిచే గింజలు పటేలు ఆపిస్తే ఏం తిని బతుకుతామని బతిమాలాడు. ఆమె చక్రం వైపు చూపించి పని చూసుకొమ్మంది.

వైశాఖంలో పటేలు బిడ్డ యాదలక్ష్మి పెండ్లి వచ్చింది. పెండ్లింటికి కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు రావాలి. ఎర్రని జాజు, సున్నం పూసిన ఆ కుండలు ఊరి ఆవంలో కాలినవే కావాలి. అవి లేకుండా పెండ్లి జరగదు, ఇత్తడివి పెడితే మగపెండ్లివాళ్ళు లేచిపోతారు. నూనె, బియ్యం, బెల్లం, కొత్త చీర పళ్ళేల్లో పెట్టుకుని, డప్పులతో ఆడవాళ్ళు బయలుదేరారు. ఇవ్వదేమోనన్న భయంతో పటేలు కూడా వెంట వచ్చాడు. వింత చూడటానికి ఊరంతా వెనకాలే వచ్చింది.

హనుమమ్మ తలంటు పోసుకుని, బొట్టు పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. లోపలికి పోయి, మీద గుడ్డ కప్పిన గంప తెచ్చి పటేలు కాళ్ళ ముందు దించింది. గుడ్డ తీసింది. గంప నిండా తడి చెరువుమట్టి.

“మీరడిగినయి గివే పటేలా. మట్టే గదా, తీస్కపోండ్రి.”

డప్పులు ఆగాయి. పటేలు ముఖం కందగడ్డయింది. గింజలు బంద్ అన్నాడు, ఇల్లు పీకిస్తానన్నాడు. ఆమె అన్నిటికీ సరేనంది. తెరిచిన తలుపులోంచి రంగులు పూసిన కుండలు అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి. పెండ్లికూతురి తల్లి మొగుడి వైపు చూస్తున్నది. ముహూర్తం దగ్గరపడుతున్నది.

“నాకు చీరొద్దు, పైసలొద్దు. వడగండ్లకు కుమ్మరోళ్ళకు నష్టమైందని మీ నోటితోని అనుండ్రి, కుండలిస్త.”

పటేలు నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

“ఎనకోళ్ళకు ఇనరాలే.”

ఆయన మళ్ళీ అన్నాడు. ఈసారి డప్పులవాళ్ళకు కూడా వినిపించింది. హనుమమ్మకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది, దాచుకోలేదు, అందరి ముందే నవ్వింది. తరువాత కుండలకు పసుపు కుంకుమ పెట్టి సాగనంపింది. పిల్ల మీద ఆమెకు కోపమేమీ లేదు.

ఆ మరునాటి నుంచి ఊరు ఆమె గడప తొక్కింది. ధర తరువాత సంగతి, ముందు ఆ మాట అనాలి. నసిగినవాళ్ళ చేత మళ్ళీ అనిపించింది. తొడలు చరచుకున్నవాళ్ళను ఇంకాసేపు ఎండలో నిలబెట్టింది. అన్నాకే రంజన్ చేతికిచ్చింది. ఆ వారం ఆమె ముఖం పండుగ పూటలా వెలిగింది.

ఆఖరి కుండ పోయిన సాయంత్రం మారయ్య చక్రం దగ్గర నుంచి లేచి చేతులు కడుక్కున్నాడు. గుండెల మీది బరువు దిగినట్టుంది అతనికి. “ఇగ అయిపాయె గదనే. ఊరంత అన్నది,” అంటూ చెంబు పట్టుకుని ఇంటి రంజన్ దగ్గరికి వచ్చాడు. హనుమమ్మ మూత మీద చెయ్యి పెట్టింది.

“ఊరంత అన్నది. నువ్వనలే.”

మారయ్యకు అర్థం కాలేదు. తరువాత అయింది.

“చావడిల మందితోని నువ్వు గూడ నవ్వినవ్. గోడవతల ఉంటే నీ నవ్వు నేను గుర్తువట్టననుకున్నవా? చేసినోడివి నువ్వే నవ్వితే వాళ్ళెందుకు నవ్వరు?”

పటేలు తన వైపే చూశాడని, భయపడి నవ్వానని చెప్పబోయి మారయ్య ఆగిపోయాడు. ఆమె అడిగింది అది కాదు. దప్పికకు ఎండిన ఆ నోట్లోంచి నష్టమైందన్న మాట రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ హనుమమ్మ మూత మీది చెయ్యి తీయలేదు.